కోస్తాలో మే నెల సగటు 44.9 డిగ్రీలట! లెక్క ఎక్కడ తప్పింది?

వానచుక్క (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్తే. ఎంటెక్ ప్రాజెక్టు కోసం భారత వాతావరణ శాఖ గ్రిడ్ డేటా (పటాన్ని గళ్లుగా విడదీసి ఒక్కో బిందువుకి ఇచ్చిన విలువలు) తీసుకుని, కోస్తా ఆంధ్రకి నెలవారీ సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత, వర్షపాతం లెక్కేస్తున్నాను. ఉష్ణోగ్రతది ఒక డిగ్రీ గ్రిడ్, వానది పావు డిగ్రీ గ్రిడ్. రెండూ బైనరీ ఫైళ్లే, నంపైతో (పైథాన్‌లో అంకెల లెక్కల లైబ్రరీ) చదువుతున్నా.

ఉష్ణోగ్రతకి నేను గీసుకున్న పెట్టెలో 8 బిందువులున్నాయి. మే సగటు 44.9 వచ్చింది. ఎండలకి పేరుమోసిన ఊరు మాది, అందుకని నాకేమీ అనుమానం రాలేదు. గైడ్ సారు చూసి "ఒక్కరోజు 45 అంటే నమ్ముతానమ్మా, నెలంతా కలిపి సగటు 45 ఏంటి?" అన్నారు.

వానది ఇంకో కథ. మొదట మైనస్‌లో వచ్చింది. వాన మైనస్ ఉండదు కదా అని సున్నా కంటే తక్కువున్నవన్నీ సున్నా చేసేశాను. మైనస్ పోయింది గానీ, ఇప్పుడు మా తీరప్రాంతం అనంతపురంతో పోటీ పడుతోంది.

ఫైలుతో వచ్చిన నోట్‌లో రాశారు: విలువ లేనిచోట వానకి -999, ఉష్ణోగ్రతకి 99.9 పెట్టామని. ఉష్ణోగ్రతలో 99.9కి సమానమైనవన్నీ నాన్‌గా (నాట్ ఎ నంబర్, అంటే "ఇక్కడ సంఖ్య లేదు" అనే గుర్తు) మార్చాను. కాబట్టి సమస్య అక్కడ లేదు. ఇంకెక్కడ వెతకాలి?

పప్పుచారు_పైథాన్ (సోమవారం, రాత్రి 9:52)

బ్రో, జనవరి ఎంతొచ్చింది?

వానచుక్క (సోమవారం, రాత్రి 10:01)

38.3. (బ్రో కాదు, సిస్.)

పప్పుచారు_పైథాన్ (సోమవారం, రాత్రి 10:15)

సారీ సిస్. జనవరిలో 38 ఉంటే భోగిమంట ఎవడు వేస్తాడు?

లెక్క తిరగేసి చూడండి. 8 బిందువుల్లో ఏడింటికి జనవరిలో 29.5 ఉందనుకుందాం. 7 × 29.5 = 206.5. దానికి ఒక 99.9 కలిపితే 306.4. ఎనిమిదితో భాగిస్తే 38.3. మీకొచ్చింది అచ్చంగా అదే. మేలో ఏడూ 37 అనుకుంటే 259 + 99.9 = 358.9, భాగిస్తే 44.9. అదీ కుదిరింది.

మీ పెట్టెలో ఒక బిందువు బంగాళాఖాతంలో పడింది. అక్కడ డేటా లేదు కాబట్టి 99.9 పెట్టారు. అది ప్రతి నెలా సగటుని ఎనిమిదేసి తొమ్మిదేసి డిగ్రీలు పైకి లేపుతోంది. మేలో నమ్మబుద్ధేసింది, జనవరిలో దొరికిపోయింది. మీరు దాన్ని నాన్ చేశానంటున్నారు గానీ అది నాన్ అవ్వలేదు. ఆ లైను ఇక్కడ పెట్టండి.

వానచుక్క (సోమవారం, రాత్రి 10:22)

ఫైలు ఫ్లోట్32గా (ఒక్కో దశాంశ సంఖ్యకి 32 బిట్లు) చదివాను. లెక్క ఖచ్చితంగా ఉండాలని వెంటనే మొత్తం ఫ్లోట్64కి మార్చాను. తర్వాత డేటా == 99.9 అయిన చోటల్లా నాన్. ఎర్రరేమీ రాలేదు!

బిట్లబాబాయ్ (సోమవారం, రాత్రి 11:05)

ఎర్రరు రాదు తల్లీ. నువ్వు అడిగింది "99.9 ఉందా" అని. అది "లేదు" అని నిజమే చెప్పింది.

99.9 అనే సంఖ్య బైనరీలో సరిగ్గా పట్టదు. ఫ్లోట్32లో దానికి అతి దగ్గరగా ఉన్న సంఖ్య 99.90000152587890625. ఫైల్లో ఉన్నది అదే. దాన్ని ఫ్లోట్64కి మార్చినప్పుడు అదే విలువ అలాగే వస్తుంది, కొత్త ఖచ్చితత్వమేమీ పుట్టుకురాదు. నువ్వు పోల్చిన 99.9 మాత్రం ఫ్లోట్64లో రాసిన 99.9, అంటే అసలు 99.9కి ఇంకా చాలా దగ్గరది. రెండూ వేరు. ఒక్క బిందువు కూడా దొరకలేదు, ఒక్కటీ నాన్ కాలేదు. కావాలంటే ఆ సముద్రం బిందువు ప్రింట్ చేసి చూడు, 99.9000015258789 అని వస్తుంది.

వానకి ఈ గొడవ లేదు. -999 పూర్ణసంఖ్య, ఫ్లోట్32లో కచ్చితంగా కూర్చుంటుంది. గుర్తు కోసం బైనరీలో సరిగ్గా పట్టని ఇలాంటి దశాంశ సంఖ్యని వాడితేనే ఈ చిక్కు.

మందు రెండు రకాలు. ఫ్లోట్32లో ఉండగానే పోల్చి నాన్ చేసి, ఆ తర్వాత 64కి మార్చు. లేదా 99 దాటినవన్నీ నాన్ అను, ఈ దేశంలో ఎక్కడా గాలి 99 డిగ్రీలకి వేడెక్కదు. నేనైతే రెండోదే చేస్తా. మార్చాక ఎన్ని మారాయో లెక్కపెట్టి ప్రింట్ చేయడం మాత్రం మానకు. నువ్వు ఆ పని చేసుంటే "0" అని కనపడేది, ఈ ప్రశ్న అడగాల్సిన పనే పడేది కాదు.

వానచుక్క (సోమవారం, రాత్రి 11:31)

ప్రింట్ చేశాను. అచ్చంగా అదే అంకె!! మూడు వారాలు, బాబాయ్. మూడు వారాలు.

సరిచేశాక మే 37.0, జనవరి 29.5. ఇక వాన మిగిలింది. అక్కడ సున్నా చేయడం తప్పా? సముద్రంలో పడ్డ వాన మనకి అక్కర్లేదు కదా, సున్నా అయితే ఏం నష్టం?

పప్పుచారు_పైథాన్ (సోమవారం, రాత్రి 11:44)

హారంలో నష్టం. వాన పెట్టెలో మొత్తం బిందువులెన్ని? 9 × 9 = 81 అనుకుందాం. అందులో 30 సముద్రంలో ఉంటే, నేల మీద సగటు 900 మిల్లీమీటర్లు పడినా మీ లెక్కలో 51 బిందువుల వానని 81తో భాగిస్తున్నారు. 567 వస్తుంది. అనంతపురంతో పోటీ పడటం అందుకే.

చెరువుగట్టు (మంగళవారం, ఉదయం 6:20)

నేను కంప్యూటర్ మనిషిని కాను. మండలాఫీసులో గణాంకాల పని చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి ఈ చర్చ పంపిస్తే చదివాను. వర్షమానిని చూసిన చేతులు కాబట్టి ఒక మాట.

మా ఆఫీసుల్లో "నిల్ రిపోర్టు" అని ఉంటుంది. ఏమీ లేకపోయినా "ఏమీ లేదు" అని రాసి పంపాలి. పంపకపోతే మెమో వచ్చేది. కుర్రాళ్లు నవ్వేవారు, ఏమీ లేనిదానికి కాగితం ఎందుకని. ఎందుకంటే నిల్ అని వస్తే అక్కడ మనిషి వెళ్లి చూశాడు, వాన పడలేదు అని అర్థం. కాగితమే రాకపోతే వాన పడిందో లేదో, అసలు గేజ్ దగ్గరికి ఎవరన్నా వెళ్లారో లేదో తెలీదు. అమ్మాయి రాకపోయిన కాగితాలన్నిటి మీదా నిల్ అని తనే రాసి సంతకం పెట్టేసింది.

ఇంకొకటి, ఇది ఫైళ్లలో కనపడదు. వాన రీడింగు ఉదయం 8:30కి తీస్తారు. అంటే ఈరోజు తేదీ మీద ఉన్న వాన చాలావరకు నిన్న పడ్డది. ఆదివారం ఎవరూ వెళ్లలేదనుకోండి. ఆదివారం గడి ఖాళీ. సోమవారం వెళ్లి కొలిస్తే రెండు రోజుల నీళ్లూ ఒకేసారి వస్తాయి. 46 అని రాస్తారు. ఇప్పుడు మీ కంప్యూటరు ఆదివారం ఖాళీగా ఉందని అటూ ఇటూ చూసి ఒక అంకె వేసిందా, ఆ నీళ్లు రెండుసార్లు కొలిచినట్టే. సోమవారానికి భారీ వర్షం అని పేరు కూడా వస్తుంది, పాపం దానికేం సంబంధం లేకపోయినా.

వానచుక్క (మంగళవారం, ఉదయం 8:05)

సార్, ఇది మా సిలబస్‌లో ఎక్కడా లేదు. నా దగ్గర ఒక జిల్లా నుంచి తెచ్చుకున్న రెయిన్‌గేజ్ ఎక్సెల్ కూడా ఉంది. అందులో కొన్ని గడులు ఖాళీ, కొన్నిటిలో 0, కొన్నిటిలో గీత, కొన్నిటిలో "నిల్", రెండు మూడుచోట్ల "టి" అనే అక్షరం ఉన్నాయి. "టి" అంటే?

చెరువుగట్టు (మంగళవారం, ఉదయం 8:40)

ట్రేస్. చినుకులు పడ్డాయి గానీ కొలవడానికి చాలవు, 0.1 మిల్లీమీటరు కూడా లేదు అని. అది వాన పడినట్టే, కానీ మొత్తంలో కలపడానికి అంకె లేదు. గీత మాత్రం రాసినవాణ్ణి అడగాలి. ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో పెడతారు.

డల్లాస్_సుబ్బు (మంగళవారం, ఉదయం 9:15)

ఇంత చర్చ దేనికండీ? పాండాస్‌లో (పైథాన్‌లో పట్టికల లైబ్రరీ) ఒక్క లైను. ఖాళీలన్నిటినీ ఆ కాలమ్ సగటుతో నింపెయ్యండి, ముందుకెళ్లండి. మేం ఆఫీసులో రోజూ చేసేది అదే. మోడల్‌కి నాన్ ఇస్తే అరుస్తుంది, సగటు ఇస్తే ఊరుకుంటుంది.

సగటుమనిషి (మంగళవారం, ఉదయం 10:30)

సుబ్బు గారూ, ఊరుకోవడమే ప్రమాదం.

జూన్ నెల తీసుకుందాం. 30 రోజుల్లో 20 రోజులకి రీడింగులున్నాయి. ఆ 20లో మూడు రోజులే వాన పడింది, మొత్తం 100 మి.మీ. మిగతా 17 రోజులు పొడి. సగటు రోజుకి 5 మి.మీ. మీ పద్ధతిలో మిగిలిన 10 రోజులకీ 5 చొప్పున నింపాం. నెల సగటు 5 గానే ఉంది, బాగుంది. ఇప్పుడు వాన రోజులు లెక్కపెట్టండి. 2.5 మి.మీ. గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితేనే వాతావరణ శాఖ వాన రోజు అంటుంది. నింపకముందు 3. నింపాక 13. ఏ రోజూ పడని 5 మిల్లీమీటర్ల వాన పది రోజులు క్రమం తప్పకుండా పడింది. నారుమడి పోసుకునే రైతుకి ఈ రెండు నెలలూ ఒకటేనా?

చెదురు కూడా పోతుంది. ఏ డేటాలోనైనా మూడోవంతు విలువల స్థానంలో సగటు పెడితే వేరియన్స్ (చెదురుని కొలిచే అంకె) మూడింట రెండొంతులకి పడిపోతుంది, స్టాండర్డ్ డీవియేషన్ (దాని వర్గమూలం) 18 శాతం తగ్గుతుంది. లెక్క మాత్రం 30 పరిశీలనలు ఉన్నాయని చెబుతుంది. లేని నమ్మకం వస్తుంది.

ఉష్ణోగ్రత అయితే వేరు. గంటగంటకీ రీడింగులుండి మధ్యలో ఒక గంట పోతే రెండు పక్కల విలువలనీ కలుపుతూ గీత గీసినా పెద్దగా తప్పు రాదు. వాన అలా నడవదు, రెండు పొడి గంటల మధ్య కుండపోత పడొచ్చు.

డల్లాస్_సుబ్బు (మంగళవారం, ఉదయం 10:48)

ఒప్పుకుంటా, వాన సంగతి నాకు తెలీదు. మా దగ్గర కస్టమర్ల వయసులు అవీ నింపుతాం. కానీ అలా అని నాన్ ఉన్న రోజులన్నీ తీసేస్తే? అదీ ఒక పద్ధతే కదా?

సగటుమనిషి (మంగళవారం, ఉదయం 11:20)

ఎందుకు పోయాయో తెలిస్తేనే. దీన్ని గణాంక శాస్త్రవేత్త డొనాల్డ్ రూబిన్ 1976లోనే విడమర్చాడు. లోపించడానికీ విలువకీ ఏ సంబంధం లేకపోతే, అంటే ఫైలు మీద టీ ఒలికి కొన్ని వరసలు చెరిగిపోయాయనుకోండి, తీసేసినా సగటు ఏ పక్కకీ వంగదు. లోపించడం మనకి తెలిసిన వేరే విషయం మీద ఆధారపడితే, ఉదాహరణకి ఆదివారాలు మాత్రమే రీడింగు ఉండదు అంటే, దాన్ని లెక్కలోకి తీసుకుని సర్దుకోవచ్చు. మూడోదే కొరకరాని కొయ్య: ఆ విలువ వల్లే ఆ విలువ పోవడం.

మన తీరంలో మూడోదానికి కొదవలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. ఊరికి రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అలాంటి రోజున ఆటోమేటిక్ స్టేషను గాలి వేగం పంపలేకపోతే అది టీ ఒలకడం లాంటిది కాదు. గాలి మరీ ఎక్కువైంది కాబట్టే రీడింగు రాలేదు. ఆ వరస తీసేసి మిగతావాటితో "ఇక్కడి గరిష్ఠ గాలి వేగం ఇంత" అంటే, పరికరం బతికి బట్టకట్టిన రోజుల్లో గరిష్ఠం అని మాత్రమే అర్థం.

బిట్లబాబాయ్ (మంగళవారం, మధ్యాహ్నం 1:10)

ఇందాక రాత్రి నిద్రమత్తులో ఆపేశా. నాన్ సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ అమ్మాయి వచ్చే వారం మళ్లీ వస్తుంది, "నాన్ == నాన్ అంటే తప్పు అంటోంది, కంప్యూటర్ పాడైందా" అని.

కంప్యూటర్లో దశాంశ సంఖ్యలని ఎలా రాయాలో చెప్పే ఐట్రిపుల్ఈ 754 ప్రమాణం 1985లో వచ్చింది. దాని వెనక ప్రధానంగా ఉన్నది విలియం కహన్, ఆ పనికే 1989లో ట్యూరింగ్ అవార్డు. అందులో 64 బిట్ల సంఖ్యకి 1 బిట్ గుర్తు, 11 బిట్లు ఘాతం, 52 బిట్లు భిన్నం. ఘాతం బిట్లన్నీ 1 అయ్యి భిన్నం సున్నా అయితే అది అనంతం. భిన్నంలో ఒక్క బిట్టైనా వెలిగితే నాన్. అంటే నాన్ ఒకటి కాదు, సుమారు 90 కోట్ల కోట్ల రకాలున్నాయి. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషవాళ్లు ఈ ఖాళీని తెలివిగా వాడుకున్నారు. వాళ్ల "ఎన్ఏ" కూడా లోపల ఒక నాన్‌యే, భిన్నం అడుగున 1954 అని రాసి ఉంటుంది. దాన్ని చూసి "ఇది కొలవని విలువ, అది 0/0 వల్ల పుట్టిన చెత్త" అని విడదీస్తారు. నంపైలో ఆ తేడా లేదు, రెండిటికీ ఒకటే నాన్.

సున్నాని సున్నాతో భాగించినా, అనంతం లోంచి అనంతం తీసినా, అనంతాన్ని సున్నాతో హెచ్చవేసినా నాన్. 1/0 మాత్రం అనంతం, నాన్ కాదు. చాలామంది ఈ రెండూ కలిపేసుకుంటారు.

తనకి తాను ఎందుకు సమానం కాదంటే, రెండు చోట్ల రెండు తెలియని సమాధానాలు వచ్చినంత మాత్రాన అవి ఒకటే అని ఎలా అంటాం? ఇంకో లాభం కూడా ఉంది. ప్రత్యేక ఫంక్షను లేని భాషలో సైతం ఎక్స్ != ఎక్స్ అని అడిగితే చాలు, నిజం అని వస్తే అది నాన్.

దీన్ని వడగాడ్పుల లెక్కలో పెట్టి చూడండి. "40 దాటిన రోజులు" అని నాన్‌తో పోల్చితే తప్పు అని వస్తుంది, ఆ రోజు చల్లని రోజుల్లో కలిసిపోతుంది. అదే షరతుని తిరగేసి "40 లేదా తక్కువ కాని రోజులు" అని రాస్తే ఆ రోజే వడగాడ్పు రోజు అవుతుంది. మామూలు సంఖ్యలకి రెండూ ఒకటే. నాన్ ఉంటే రెండు వేర్వేరు సమాధానాలు, రెండూ తప్పే. పోలికకి ముందే నాన్‌లని పక్కకి తీయి.

పైథాన్‌లో మామూలు మ్యాక్స్ ఇంకా విడ్డూరం. 1, నాన్ అని ఈ వరసలో ఇస్తే 1 అంటుంది. నాన్, 1 అని ఇస్తే నాన్ అంటుంది. నంపై మ్యాక్స్ నయం, ఎక్కడున్నా నాన్ అనే చెబుతుంది. వదిలేసి లెక్కపెట్టాలంటే నాన్‌మ్యాక్స్ వాడాలి.

ఒక పాత గాయం చెప్పి ముగిస్తా. ఒక కంపెనీలో ఫ్లూయిడ్ లెక్కల ప్రోగ్రాం రాశాం. ప్రతి అడుగులో నాన్ వచ్చిందా అని చూసి, వస్తే ఆపేసే లైను నేనే పెట్టా. వేగం చాలలేదని ఎవరో జీసీసీ కంపైలరుకి ఓఫాస్ట్ అనే జెండా (వేగం పెంచే ఆప్షను) తగిలించారు. వేగం పెరిగింది, అందరూ చప్పట్లు. రాత్రంతా నడిచిన రన్ పొద్దున చూస్తే ఫైలు నిండా నాన్. నా కాపలా లైను పలకలేదు. ఓఫాస్ట్ పెడితే ఫాస్ట్‌మ్యాత్ కూడా వస్తుంది. దాని అర్థం "ఈ ప్రోగ్రాంలో నాన్ ఉండదని నేను మాటిస్తున్నా" అని. నాన్ ఉండనే ఉండదన్నాక దానికోసం వెతకడం ఎందుకని కంపైలరు నా లైనే తీసేసింది. మాటిచ్చింది మనమే, దాన్ని అనడానికి లేదు.

పప్పుచారు_పైథాన్ (మంగళవారం, మధ్యాహ్నం 2:35)

బాబాయ్ గాయాలు చెప్తుంటే నాదీ ఒకటి.

స్కాలర్‌షిప్‌ల జాబితా ఒకటి వచ్చింది, పేరు, ఇనీషియల్స్, బ్యాంకు ఖాతా నంబరు. పాండాస్‌తో చదివాను. ఇద్దరు విద్యార్థులకి ఖాతా నంబరు లేదు. మామూలు పూర్ణసంఖ్యల కాలమ్‌లో ఖాళీకి చోటు ఉండదు కాబట్టి పాండాస్ ఆ కాలమ్ మొత్తాన్నీ ఫ్లోట్64 చేసేసింది. ఫ్లోట్64కి 2 ఘాతం 53 దాటాక ప్రతి పూర్ణసంఖ్యా పట్టదు. 9007199254740993 ఇస్తే 9007199254740992 అవుతుంది. మా జాబితాలో 17 అంకెల నంబర్లున్నాయి. ఎవరో ఇద్దరికి నంబరు లేకపోవడం వల్ల, నంబరున్న వాళ్ల చివరి అంకెలు మారిపోయాయి! పంపకముందు ఒక క్లర్కు గారు కాగితంతో సరిపోల్చి పట్టుకున్నారు, లేకపోతే డబ్బులు ఎవరి ఖాతాలో పడేవో.

అదే ఫైల్లో ఇంకో తమాషా. ఇంటిపేరు నల్లమోతో, నాగులపల్లో అయ్యి, పేరు అ-తో మొదలైతే ఇనీషియల్స్ ఏమవుతాయి? ఇంగ్లీషులో "ఎన్ఏ". పాండాస్ సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) చదివేటప్పుడు ఆ రెండక్షరాలూ కనపడగానే "ఓహో, విలువ లేదన్నమాట" అని నాన్ పెట్టేస్తుంది. నమీబియా దేశం కోడ్ కూడా అవే రెండక్షరాలు, ప్రపంచ పటాల్లో ఆ దేశం మాయమవుతూ ఉంటుంది. మన దగ్గర నల్లమోతు వారు మాయమయ్యారు.

ఇప్పుడు ఖాతా నంబర్లు, ఫోన్లు, కోడ్‌లు అన్నీ అక్షరాలుగానే చదువుతా, ముందున్న సున్నాలు కూడా బతుకుతాయి. నిజంగా పూర్ణసంఖ్యలు కావాలంటే 2019లో వచ్చిన 0.24 వెర్షన్ నుంచీ పెద్ద ఐ ఉన్న ఇంట్64 ఉంది, దానిలో ఖాళీ ఖాళీగానే ఉంటుంది. డీఫాల్ట్ ఎన్ఏ జాబితాని ఆపేసి, ఏవేవి ఖాళీ గుర్తులో నేనే రాసిస్తా. వానచుక్క గారూ, మీ ఎక్సెల్‌కి కూడా ఇదే. "నిల్"కి 0, ఖాళీకి నాన్, గీతకి అడిగి తెలుసుకునేదాకా నాన్, "టి"కి 0 పెట్టి పక్కన ట్రేస్ అని ఇంకో కాలమ్.

డల్లాస్_సుబ్బు (మంగళవారం, రాత్రి 8:10)

మా డ్యాష్‌బోర్డులో పోయిన నెల ఒక దేశం కనపడలేదు. ఏ దేశమో అడక్కండి.

వానచుక్క (మంగళవారం, రాత్రి 9:25)

😂

ఒక సందేహం. నా డేటాలో ఒకచోట ఒకే రోజు 612 మి.మీ. ఉంది. చుట్టుపక్కల ఏ గేజ్‌లోనూ 70 దాటలేదు. 61.2కి చుక్క మర్చిపోయారనిపిస్తోంది. ఇలాంటివి 400 దాటితే నాన్ చేసేయొచ్చా? -999 లాగా ఇది గుర్తు కాదు, నిజంగా ఎవరో రాసిన అంకె.

సగటుమనిషి (మంగళవారం, రాత్రి 10:05)

నాన్ చేసి పాత అంకె పారేయకండి. పక్కన ఇంకో కాలమ్ పెట్టి "అనుమానం" అని జెండా వేయండి, లెక్కలో దాన్ని పక్కన పెట్టండి. అసలు అంకె ఉన్నచోటే ఉండాలి.

ఓజోన్ రంధ్రం కథ విని ఉంటారు. 1985 మేలో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అంటార్కిటికాలోని హాలీ బే స్టేషను కొలతలతో నేచర్ పత్రికలో ప్రకటించారు. అప్పటికే నాసా వాళ్ల నింబస్-7 ఉపగ్రహం మీది ఓజోన్ కొలిచే టామ్స్ పరికరం పైనుంచి రోజూ చూస్తోంది. మరి దానికెందుకు కనపడలేదు అంటే, "ప్రోగ్రాం తక్కువ విలువల్ని తప్పులనుకుని పారేసింది" అని అందరూ చెప్పేస్తారు. పారేయలేదు. 180 డాబ్సన్ యూనిట్ల (ఓజోన్ ఎంత ఉందో చెప్పే కొలత) కంటే తక్కువ వచ్చినవాటికి అనుమానం జెండా వేసింది. అసలు రీడింగులు అలాగే ఉన్నాయి. ఉన్నాయి కాబట్టే తర్వాత అదే డేటాని మళ్లీ తీసి రంధ్రం ఎంత మేర ఉందో పటాలు వేయగలిగారు.

మీ 400 గీత కూడా అంతే. తుపాను రోజున మన తీరంలో 400 దాటి పడటం అసాధ్యమేమీ కాదు. గీత ఒక్కటే చూడకండి, పక్క గేజ్‌లు చూడండి, మీరు ఇప్పటికే చూశారు కూడా. తుపాను రోజు పక్కవాళ్లకీ 300 ఉంటుంది.

చెరువుగట్టు (బుధవారం, ఉదయం 6:05)

రిజిస్టరులో తప్పు అంకెని వైట్‌నర్‌తో చెరపనిచ్చేవారు కాదు మమ్మల్ని. ఒక గీత కొట్టి, పైన సరైన అంకె రాసి, పొట్టి సంతకం పెట్టాలి. కింద అంకె చదవడానికి రావాలి. మీరు చెప్పే జెండా అదే అనుకుంటాను.

612 సంగతి, ఆ మండలంలో ఆ రోజు చెరువులకి గండ్లు పడ్డాయేమో పాత పేపర్లు చూడమ్మా. 612 పడితే పేపర్లో రాకుండా ఉండదు.

వానచుక్క (శుక్రవారం, రాత్రి 11:50)

పేపరు చూశాను. ఆ రోజు జిల్లా ఎడిషన్‌లో చెరువు గండి లేదు, కాలువ లేదు, వాన వార్తే లేదు. 612కి జెండా వేశాను.

మిగతావన్నీ మళ్లీ మొదటినుంచి చేశాను. ఫైలు చదవగానే గుర్తులని నాన్ చేయడం, ఎన్ని మారాయో ప్రింట్ చేయడం. ప్రతి సగటు పక్కనా "ఎన్ని విలువలతో" అని ఒక కాలమ్. ప్రపంచ వాతావరణ సంస్థ నియమం కూడా దొరికింది: నెలలో 11 లేదా అంతకంటే ఎక్కువ రోజులు లేకపోయినా, వరసగా 5 రోజులు లేకపోయినా ఆ నెల సగటు లెక్కేయకూడదు. వాన మొత్తానికి ఇంకా కఠినం, అన్ని రోజులూ ఉండాలి, లేదా పోయిన రోజుల నీళ్లు తర్వాతి రీడింగులో కలిసి ఉండాలి. చెరువుగట్టు గారి సోమవారం అక్షరాలా అందులో ఉంది!

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. అన్నీ సరిచేశాక కూడా మొత్తం వాన పటంలో తీరం పొడుగునా ఒక నీలంగీత వచ్చింది, సరిగ్గా 0.0 మి.మీ. సంవత్సరమంతా. సగటు పటంలో అదే చోట తెల్లగా ఖాళీగా ఉంది. ఒకే డేటా, ఒకచోట ఖాళీ, ఒకచోట సున్నా ఎలా?

పప్పుచారు_పైథాన్ (శనివారం, అర్ధరాత్రి 12:04)

మొత్తం వాన కట్టడానికి నాన్‌సమ్ (నాన్‌లని వదిలేసి కూడే ఫంక్షను) వాడారా? అన్నీ నాన్‌లే ఉన్న వరసకి నాన్‌మీన్ (అలాగే సగటు కట్టేది) హెచ్చరిక ఇచ్చి నాన్ చెబుతుంది. నాన్‌సమ్ మాత్రం ఏమీ అనకుండా 0 ఇస్తుంది, ఖాళీ సంచిలో మొత్తం సున్నాయే కదా అనే తర్కం. పాండాస్‌లో, ఎక్స్‌ఆరే లైబ్రరీలో అయితే మొత్తం కట్టేటప్పుడు మిన్‌కౌంట్ 1 (కనీసం ఒక విలువైనా ఉండాలి) అని ఇవ్వండి. నంపైలో అయితే మీ "ఎన్ని విలువలతో" కాలమ్ 0 ఉన్నచోట చేత్తో నాన్ పెట్టుకోండి.

చెరువుగట్టు (శనివారం, ఉదయం 5:55)

అంటే ఆ కంప్యూటరు కూడా రాని కాగితం మీద నిల్ రాసేసిందా?

వానచుక్క (శనివారం, ఉదయం 9:30)

రాసేసింది సార్. మెమో ఇచ్చాను. మిన్‌కౌంట్ పెట్టాక నీలంగీత పోయింది, పటం సోమవారం గైడ్ సారుకి చూపిస్తున్నా.